చట్టం వదిలేసిన చెత్త

అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో మన ఇంట్లోంచి బయటికెళ్ళే చెత్తలో ప్రమాదకరమైనదంటూ ఏదీ లేదు. గరాజ్‌లో సగం మిగిలిన పెయింట్ థిన్నర్, సింక్ కింద డ్రెయిన్ క్లీనర్, పనిచెయ్యడం మానేసిన డ్రిల్లు బ్యాటరీ, ఇండియా నుంచి తెచ్చుకున్న పాదరసం థర్మామీటరు... ఇవే ఒక ఫ్యాక్టరీ పారేస్తే హజార్డస్ వేస్ట్. దానికి లెక్క రాయాలి, లేబుల్ అంటించాలి, అనుమతి ఉన్నవాళ్ళకే అప్పజెప్పాలి. తప్పితే జరిమానా రోజుకి వేల డాలర్లలో ఉంటుంది. అవే వస్తువులు నేనో మీరో పారేస్తే మామూలు చెత్త. అరటితొక్కా అదే, థిన్నరూ అదే.

ఈ మాట చెబితే చాలామంది ముందుగా అనేది, "హమ్మయ్య, అయితే పడెయ్యొచ్చన్నమాట!" అని. నాకు మాత్రం ఆ మినహాయింపుని మనం తలకిందులుగా చదువుకుంటున్నామని అనిపిస్తుంది. అది "ఇందులో విషం లేదు" అని ఇచ్చిన సర్టిఫికెట్ కాదండీ. "ఇంటింటికీ ఇన్‌స్పెక్టర్ని పంపడం మావల్ల కాదు" అన్న ఒప్పుకోలు. ప్రభుత్వం చెయ్యలేనన్న పని గాల్లో కలిసిపోలేదు. చప్పుడు చెయ్యకుండా వచ్చి మన వంటింట్లో, గరాజ్‌లో కూర్చుంది. ఇంట్లో ఏది ఎక్కడుందో ఎవరికి తెలుసో వాళ్ళ నెత్తిన పడింది. అది ఎవరో వేరే చెప్పాలా?

అందుకే ఈ చట్టం సంగతి ఆడవాళ్ళకి తెలియాలంటాను. తెలిస్తే మన పని ఎంతో, మనది కానిది ఎంతో కూడా తెలుస్తుంది.

దీని పేరు రిసోర్స్ కన్జర్వేషన్ అండ్ రికవరీ యాక్ట్. 1976 అక్టోబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేశారు. పొట్టిగా రిక్రా అంటారు. అమలుచేసేది ఈపీఏ, అంటే పర్యావరణ రక్షణ సంస్థ. చట్టం పెద్దదే గానీ అసలు ఆలోచన మనకి తెలియనిదేం కాదు. విషపదార్థం పుట్టినచోటి నుంచి దాని అంతం దాకా, పురిటి నుంచి వల్లకాటి దాకా, ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో కాగితం మీద ఉండాలి. మానిఫెస్ట్ అనే పత్రం దానితోపాటే ప్రయాణం చేస్తుంది. పుట్టించినవాళ్ళు, మోసినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు, అందరూ సంతకాలు పెట్టాలి. "నేనిచ్చేశాను, ఇక నాకు సంబంధం లేదు" అంటే కుదరదు.

ఏది ప్రమాదకరం అని తేల్చడానికి కొన్ని జాబితాలున్నాయి. జాబితాలో లేకపోయినా నాలుగు గుణాల్లో ఏ ఒక్కటున్నా చాలు. తేలిగ్గా అంటుకునేది ఒకటి. ద్రవమైతే 60 డిగ్రీల సెల్సియస్‌కి లోపే దాని ఆవిరి నిప్పందుకుంటే ఈ కోవలోకొస్తుంది. తినేసేది రెండోది. అంటే గాఢమైన ఆమ్లాలు, క్షారాలు. మూడోది పేలేది, లేదా నీళ్ళతోనో ఇంకోదానితోనో కలిసి విషవాయువు వదిలేది. నాలుగోది విషం ఊరేది.

ఈ నాలుగోదాన్ని ఎలా పరీక్షిస్తారో చదివినప్పుడు నాకు మన చింతపండు రసం గుర్తొచ్చింది. చెత్తని వెనిగర్‌లో ఉండే ఆమ్లం లాంటిదే పలచగా కలిపి, అందులో దాదాపు 18 గంటలు గిరగిర తిప్పుతారు. తర్వాత వడకట్టి ఆ రసంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి 40 పదార్థాల్లో ఏదైనా హద్దు దాటి దిగిందేమో చూస్తారు. చెత్తగుట్టలో వాననీళ్ళు దిగి, కుళ్ళిన కూరగాయల పులుపుతో కలిసి భూమిలోకి ఇంకితే ఏం జరుగుతుందో గిన్నెలో చేసి చూడటమన్నమాట. ఇది చదివాక నాకు చెత్తబుట్ట మూత వేస్తే వ్యవహారం ముగిసినట్టు అనిపించడం మానేసింది. నిజానికి నానబెట్టడం అప్పుడే మొదలవుతుంది.

ఈ చట్టం కాగితాల్లోంచి బతుకుల్లోకి రావడానికి ఒక ఇల్లాలు కూడా కారణం. న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా ఫాల్స్ ఊళ్ళో లవ్ కెనాల్ అని ఒక పేట ఉంది. జలపాతం చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన ప్రతి అమ్మానాన్నల్నీ అక్కడికి తీసుకెళ్తాం కదా, ఆ ఊరే. పూర్తికాని ఒక పాత కాలువలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి దాదాపు పదేళ్ళపాటు 20 వేల టన్నులకి పైగా రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకి ఊరి స్కూల్ బోర్డుకి రాసిచ్చింది. అక్కడ రసాయనాలున్నాయని పత్రంలో రాసే ఇచ్చింది. అయినా అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్ళొచ్చాయి.

1978లో లోయిస్ గిబ్స్ అనే గృహిణి తన పిల్లాడికి ఫిట్స్ రావడం మొదలయ్యాక, వాడు వెళ్ళే బడి దేనిమీద కట్టారో పత్రికల్లో చదివి తెలుసుకుంది. పిల్లాణ్ణి వేరే బడికి మార్చమంటే కుదరదన్నారు. అప్పుడు కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తట్టిన ప్రతిచోటా ఎవరికో ఏదో జబ్బు, ఎక్కడో ఒక గర్భస్రావం. ఆడవాళ్ళంతా కలిసి ఆ వివరాలు పోగుచేశారు. బెవర్లీ పైగెన్ అనే శాస్త్రవేత్త వాళ్ళకి సాయం చేశారు. గృహిణులు పోగేసిన ఆ లెక్కలు ఎందుకూ పనికిరావని అధికారులు కొట్టిపారేశారు. అంతకుముందే, ఆ ఆగస్టులో, అధ్యక్షుడు కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ముందు 200కి పైగా కుటుంబాల్ని, 1980 తర్వాత ఇంకా వందల కుటుంబాల్ని అక్కణ్ణుంచి తరలించారు. పాత విషగుంటల్ని శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం ఆ 1980 డిసెంబరులోనే వచ్చింది. రిక్రా కింద హజార్డస్ వేస్ట్ నిబంధనలు బయటికొచ్చిందీ ఆ ఏడాదే.

ఆ నిబంధనల్లోనే ఇంటికి మినహాయింపు ఉంది. అసలు 1976లో చట్టం చేసేటప్పుడే సెనేట్ కమిటీ నివేదికలో రాశారు, ఇళ్ళల్లో వాడే వస్తువుల పారవేతని అదుపు చెయ్యడానికి దీన్ని వాడకూడదని. ఇల్లంటే ఒక్క ఇల్లే కాదు. అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, మోటళ్ళు, చివరికి క్యాంప్ గ్రౌండ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మోటల్ నడిపే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

ఆ మినహాయింపు తప్పని నేననను. కోట్ల ఇళ్ళల్లో ప్రతి ఇల్లాలూ నెయిల్ పాలిష్ సీసాకి మానిఫెస్ట్ రాస్తూ కూర్చోవాలంటే ఎవరు కూర్చుంటారు? ఒక ఇంట్లో ఉండేది చాలా తక్కువేగా అని కూడా అనిపిస్తుంది. కానీ ఈపీఏ చెప్పే అంచనా ప్రకారం ఒక సగటు ఇంట్లో ఇలాంటి సరుకు 100 పౌండ్ల దాకా పోగుపడవచ్చు. పది పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు ఓసారి గరాజ్ అరలు, అటక, సింకుల కింద చూసుకుంటే ఆ అంకె అతిశయోక్తి అనిపించదు. మనది దేన్నీ పారెయ్యలేని జాతి. పెరుగు డబ్బాల దగ్గర ఆ గుణం మంచిదే. గడ్డి మందు డబ్బాల దగ్గర కాదు.

పేరు మార్చినంత మాత్రాన గుణం మారదని చెప్పడానికి షికాగో కేసు కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. షికాగో నగరం ఇళ్ళ చెత్తని పెద్ద కొలిమిలో కాల్చేది. మిగిలిన బూడిదలో సీసం, క్యాడ్మియం హద్దు దాటి ఉండేవి. లోపలికి వెళ్ళింది ఇంటి చెత్తే కదా, దానికి మినహాయింపు ఉంది కదా, కాబట్టి బూడిదకీ ఉన్నట్టేనని నగరం వాదించింది. 1994లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా కాదని తీర్పిచ్చింది. ఇళ్ళ చెత్తకి మినహాయింపు ఉంది గానీ, దాన్ని కాల్చగా పుట్టిన బూడిదకి లేదంది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ సీసం కొలిమిలో కొత్తగా పుట్టలేదు. మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లోంచే ఎక్కువగా వెళ్ళింది. మన డబ్బాలో ఉన్నంతసేపూ మామూలు చెత్త. ఊరంతటిదీ ఒక్కచోట చేరి కాలి బూడిదయ్యేసరికి హజార్డస్ వేస్ట్. మధ్యలో మారింది చట్టం పెట్టిన పేరే.

ఆ మధ్యలో మనుషులు కూడా ఉంటారు. రెండేళ్ళ క్రితం మా వీధి చివర చెత్త లారీ ఆగిపోయింది. వెనకనుంచి పొగ. డ్రైవరు లారీలో ఉన్న చెత్త మొత్తం రోడ్డు మీదే కుమ్మరించేశాడు. ఇదేం పిచ్చి పని అనుకున్నాం ముందు. తర్వాత తెలిసింది, లోపల నిప్పంటుకుంటే లారీని కాపాడుకోవడానికి వాళ్ళు చేసే పనే అదట. ఫైరింజన్ వచ్చి ఆర్పేదాకా ఆ అబ్బాయి పేవ్‌మెంట్ మీద కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు. బ్యాటరీ వల్ల అయుండొచ్చన్నారు ఆర్పినవాళ్ళు. ఎవరి ఇంట్లోదో ఎవరూ చెప్పలేరు. మా వీధిలో 30 ఇళ్ళున్నాయి, 30 ఇళ్ళూ చట్టప్రకారమే నడుచుకున్నాయి. ఆ అబ్బాయికి దగ్గు మాత్రం వచ్చింది.

ఇది మా ఊరి ముచ్చటే కాదు. 2013 నుంచి 2020 మధ్య దేశంలో 64 చెత్త, రీసైక్లింగ్ కేంద్రాల్లో లిథియం బ్యాటరీల వల్ల జరిగినవీ, జరిగాయని అనుమానించినవీ 240కి పైగా అగ్నిప్రమాదాలని ఈపీఏ 2021లో లెక్క చెప్పింది. 2023లో అదే సంస్థ, పారేసే లిథియం అయాన్ బ్యాటరీలు చాలావరకు హజార్డస్ వేస్ట్ కిందికే వస్తాయని వ్యాపారాలకి స్పష్టం చేసింది. ఇళ్ళకి నియమం పెట్టలేదు గానీ చెత్తలోనూ వెయ్యొద్దు, రీసైక్లింగ్ డబ్బాలోనూ వెయ్యొద్దని గట్టిగానే చెప్తోంది. పాత ఫోన్లు, పిల్లల బొమ్మలు, వెలిగే బూట్లు, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్షులు, వీటన్నిట్లోనూ బ్యాటరీ ఉంటుంది. పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే మిణుకు మిణుకు దీపాల్లో కూడా ఏదో ఒక రకం బ్యాటరీ ఉంటుంది.

ఇంకో సంగతి. ఫెడరల్ చట్టం వదిలేసిందంటే మీ రాష్ట్రం కూడా వదిలేసినట్టు కాదు. ఫెడరల్ నియమం అడుగున ఉండే గట్టు లాంటిది. దానిపైన రాష్ట్రాలు ఇంకా ఎత్తుగా కట్టుకోవచ్చు. కాలిఫోర్నియాలో 2006 ఫిబ్రవరి నుంచి ఏ బ్యాటరీ అయినా, ట్యూబులైట్ అయినా ఇంటి చెత్తలో వెయ్యకూడదు. టెక్సస్ నుంచో జార్జియా నుంచో అక్కడికి మారిన అమ్మాయి పాత అలవాటుతోనే పడేస్తే అక్కడ అది నియమోల్లంఘన. ఇల్లు మారినప్పుడు స్కూలు జిల్లా ఎలా వెతుక్కుంటామో, కౌంటీ వెబ్‌సైట్లో ఈ పేజీ కూడా అలాగే చూసుకోవాలి.

ఇంట్లోంచి చిన్న వ్యాపారం చేసుకునే అమ్మాయిలు ఈ భాగం మాత్రం వదలకుండా చదవండి. మినహాయింపు ఇంటికి గానీ ఇంట్లో చేసే వ్యాపారానికి కాదు.

నా స్నేహితురాలు ఒకావిడ పెళ్ళిళ్ళకి కొబ్బరిబోండాలు, అడ్డుతెరలు, పళ్ళేలు అలంకరించి ఇస్తుంది. బంగారు రంగు స్ప్రే డబ్బాలు, బ్రష్షులు కడిగిన థిన్నరు, గట్టిపడిపోయిన రెజిన్ సీసాలు. ముహూర్తాల నెలల్లో గరాజ్ నిండా అవే. "మా ఇంట్లోదేగా వదినా, ఇంటి చెత్తే కదా" అంటుంది. ఈపీఏ అడిగే ప్రశ్నలు రెండు. ఇది నివాసంలో ఉండే మనుషులవల్ల అక్కడే పుట్టిందా? మామూలుగా ఇళ్ళల్లో వాడుకునే వస్తువుల చెత్తేనా? రెండిటికీ అవుననాలి. డబ్బు తీసుకుని చేసే పనిలోంచి వచ్చినదాన్ని ఇంటి చెత్త అనడం కుదరదు. గరాజ్‌లో చేసినా దుకాణంలో చేసినా అది వ్యాపార వ్యర్థమే. ఇంట్లోనే జెల్ నెయిల్స్ చేసే అమ్మాయి వాడేసిన అసిటోన్‌కీ ఇదే వర్తిస్తుంది. అసిటోన్ అయితే మామూలు గది వేడిలోనే భగ్గుమంటుంది, 60 డిగ్రీల మాట అటుంచండి.

వినగానే గుండె జారిపోనక్కర్లేదు. నెలకి 100 కిలోలు, అంటే 220 పౌండ్లు మించనివాళ్ళని చట్టం అతి చిన్న ఉత్పత్తిదారులుగా చూస్తుంది. అత్యంత విషపూరితమైన కొన్ని రసాయనాలకి మాత్రం హద్దు నెలకి ఒక కిలో. ఇళ్ళల్లో పనిచేసుకునేవాళ్ళెవరూ ఈ హద్దుల దరిదాపుల్లోకి రారు. ఫెడరల్ నియమం వాళ్ళని అడిగేవి ముఖ్యంగా మూడే. నీ దగ్గరున్నది ప్రమాదకరమా కాదా తెలుసుకో. ఎప్పుడూ 1000 కిలోలకి మించి పోగెయ్యకు. తీసుకోవడానికి అనుమతి ఉన్నచోటికే చేర్చు. నా స్నేహితురాలు కౌంటీ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఇళ్ళవాళ్ళకి ఉచితం, చిన్న వ్యాపారాలైతే అపాయింట్‌మెంట్ తీసుకుని రుసుము కట్టాలన్నారు. ఇప్పుడు ప్రతి ఆర్డర్ మీదా ఆ ఖర్చు కొంచెం కలుపుకుంటోంది. నాకు ఆ పని చాలా నచ్చింది. వస్తువు ధరలో దాని అంత్యక్రియల ఖర్చు కూడా ఉండాలన్నది పెద్ద పెద్ద కంపెనీలు ఒప్పుకోవడానికి గింజుకునే మాట. మా కొబ్బరిబోండాల పిల్ల ఒప్పుకుంది.

ఇక మామూలు ఇంటికొస్తే, నేను పాటించేవి చెప్తాను. వస్తువు కొనేటప్పుడే డబ్బా మీద డేంజర్, వార్నింగ్, కాషన్ అనే మాటల్లో ఏదుందో చూస్తాను. 1960 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇళ్ళల్లో వాడే ప్రమాదకర పదార్థాల మీద హెచ్చరిక మాట ఉండి తీరాలి. డేంజర్ అన్నింటికన్నా తీవ్రం. డేంజర్ అని ఉన్నది నిజంగా కావాలా, తక్కువదానితో పనవుతుందా అని అక్కడే ఆలోచిస్తే తర్వాత పారవేత బెడద సగం తగ్గుతుంది. సగం వాడేది కొనడం కన్నా చిన్న డబ్బా కొనడం మేలు.

మన ఇళ్ళల్లో ఉన్న ఒక అలవాటు మాత్రం పూర్తిగా పోవాలి. ఫినాయిలో కిరసనాయిలో కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం. ఏ మందూ ఏ ద్రావకమూ దాని డబ్బాలోంచి ఇంకో సీసాలోకి మార్చకూడదు. పిల్లలు తాగేస్తారన్నది ఒక భయం. సేకరణ కేంద్రంలో పనిచేసేవాడికి అదేమిటో తెలియక దేనితోనో కలిపేస్తాడన్నది రెండోది. రెండు సగం సీసాలు కలిపి ఒకటి చేసే పొదుపు కూడా ఇక్కడ వద్దు. బ్లీచ్‌లో అమోనియా ఉన్న క్లీనరు కలిస్తే విషవాయువు వస్తుంది. టాయిలెట్ కడిగే ఆమ్లం కలిస్తే క్లోరిన్ వస్తుంది.

పాత ఇంజన్ ఆయిల్ వీధి పక్కనుండే వాననీటి కాలువలో పోసే మహానుభావులు ఇంకా ఉన్నారు. ఆ నీళ్ళు ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగుల్లోకి వెళ్తాయి. ఒక కారు ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడుచెయ్యగలదని ఈపీఏ చెప్తుంది. దానికి ఇంటి మినహాయింపు అడ్డురాదు, అది వేరే నియమాల కింద తప్పు. కారు సామాన్లమ్మే దుకాణాలు చాలావరకు పాత ఆయిల్ ఊరికే తీసుకుంటాయి.

అమ్మానాన్నలు ఆరు నెలలుండి వెళ్ళాక మిగిలే మందుల డబ్బా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వాటికోసం 2010 నుంచి ప్రభుత్వం ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మందుల వాపసు రోజు పెడుతోంది. చాలా ఫార్మసీల్లో ఏడాది పొడుగునా పెట్టెలుంటాయి. నాన్న ఇన్సులిన్ సూదులైతే గట్టి డిటర్జెంట్ సీసాలో వేసి మూత బిగించాలి, ఉత్త సంచీలో వెయ్యకూడదు. సంచీ ఎత్తేవాడికీ చేతులుంటాయి కదా. పాదరసం థర్మామీటరు పగిలితే చీపురూ వద్దు, వాక్యూమూ వద్దు. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, గట్టి అట్టముక్కతో మెల్లగా పోగుచేసి, మూతున్న డబ్బాలో పెట్టి సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు ఇదంతా విని, "మీకు నయమే, మాకు అదీ లేదు" అంది. నిజానికి అక్కడి నిబంధన ఇంటిని వదల్లేదు. ఇండియాలో 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడు రకాలుగా వేరుచెయ్యమన్నాయి. పెయింటు డబ్బాలు, పురుగుమందు సీసాలు, బల్బులు, కాలం చెల్లిన మందులు, బ్యాటరీలు, సూదులు అన్నీ పేరుపేరునా రాశారు. అక్కడ ఇల్లాలికి నియమం ఉంది, పుచ్చుకునేవాడు వీధిలోకి రావాలి. ఇక్కడ పుచ్చుకునేచోటు ఉంది, వెళ్ళమని నియమం లేదు. రెండుచోట్లా ఆ ఖాళీలో నిలబడింది ఇల్లాలే.

నా పేచీ అక్కడే. ఇన్నీ చేస్తే చివరికి ఇది కూడా మన పనుల జాబితాలో ఇంకో గీత అయిపోతుంది. గరాజ్‌లో ఉన్నవాటిలో ముప్పాతిక మావారు కొన్నవే. గడ్డి మందు, కారు నూనె, స్టెయిన్ డబ్బాలు. కొనడం ఆయన శనివారం సరదా, వదిలించుకోవడం నా శనివారం చాకిరీ అంటే ఎలా? మా ఇంట్లో ఇప్పుడు ఒప్పందం ఉంది. కొన్నవాళ్ళే దాన్ని వల్లకాటి దాకా చేర్చాలి. రిక్రా కూడా అదేగా అంటోంది. పుట్టించినవాడిదే బాధ్యత. పదహారేళ్ళ మా అబ్బాయికి కూడా తన బ్యాటరీలకి ఒక డబ్బా ఉంది, వాటి కొసలకి టేపు అంటించడం వాడి పని.

ఇంటి బయట కూడా అదే సూత్రం అడగాలి. ఏడాదికి రెండు శనివారాలు, అదీ పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, 20 మైళ్ళ దూరంలో, కారు ఉన్నవాళ్ళకే అంటే అది సౌకర్యం కాదండీ, మొక్కుబడి. కారు లేని పెద్దవాళ్ళు, శనివారాలు పనిచేసే నర్సమ్మలు ఏం చెయ్యాలి? మంచి దారి లేకపోలేదు. పెయింట్ల విషయంలో ఒరెగాన్ 2009లో మొదటగా చట్టం చేసింది. ప్రతి డబ్బా కొన్నప్పుడే చిన్న రుసుము పడుతుంది, మిగిలిన పెయింటుని దుకాణాల్లోనే తిరిగి ఇచ్చెయ్యొచ్చు, ఏర్పాటు చూసుకోవాల్సింది తయారీదారులు. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. పెయింటుకి చెయ్యగలిగింది బ్యాటరీలకీ, గడ్డి మందులకీ అన్నిచోట్లా ఎందుకు చెయ్యకూడదు?

కౌంటీ మీటింగులకి మనం పెద్దగా వెళ్ళం. స్కూల్ బోర్డు మీటింగుకి మాత్రం మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ గురించి 40 మందిమి వెళ్తాం. అందులో పదిమంది ఒక్క సాయంత్రం కౌంటీ కమిషనర్ల దగ్గరికి వెళ్ళి, "సేకరణ రోజులు నెలకొకటి చెయ్యండి, ఒక్క వారం సాయంత్రమైనా పెట్టండి" అని అడిగితే వాళ్ళు వినక తప్పదు. లోయిస్ గిబ్స్‌కి రసాయనశాస్త్రం డిగ్రీ లేదు. ఇల్లిల్లూ తిరిగే ఓపిక ఉంది, అడిగిందే అడిగే మొండితనం ఉంది. ఆ రెండూ మన దగ్గర లేవంటే మన ఇళ్ళల్లో ఎవరూ నమ్మరు.